పక్క నంబరు రాని పీపా

మా బావ చేతికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. మా బజారంతా దాన్ని మంచితనం అనుకుంది, ఆయనా అలాగే అనుకున్నాడు. కాదని కనిపెట్టింది నేనూ, నా గుండీల డబ్బా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. ఎక్కడైనా తొందరపడి చెబితే కాస్త ఓపిక పట్టండి.

బావంటే మా అక్క మొగుడు. తక్కెళ్ళు, తూకం యంత్రాలు బాగుచేస్తాడు. బజారులో అందరూ ఆయన్ను ముల్లు మేస్త్రి అంటారు. తక్కెడ ముల్లు నడిమధ్యకు రాకపోతే ఆయనకు అన్నం సహించదు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి భోజనానికి వచ్చి, వంటింట్లో మా నాన్న వాడే త్రాసు చూసి, "మామగారూ, ఇది మిమ్మల్ని మోసం చేస్తోంది" అని అక్కడే విప్పదీసి కూర్చున్నాడు. మేమంతా చుట్టూ నిలబడి చూస్తుంటే వండినవన్నీ చల్లారిపోయాయి. మనిషి నిప్పు. కాకపోతే ఆ నిప్పును రోజుకు పదిసార్లు ఊది చూసుకునే రకం.

మా బజారు హాలులో పైకప్పు కింద ఉన్నవి పది చోట్లే. అవి కావాలనేవాళ్ళు ముప్ఫైమంది. అందుకని ఆరు నెలలకొకసారి లాటరీ తీస్తారు. పొద్దున్నే వరసలో నిలబడితే, నిలబడ్డ వరసలోనే ఒకటి నుంచి ముప్ఫై దాకా నంబర్లు ఇస్తారు. అవే నంబర్లున్న ఇత్తడి బిళ్ళల్ని పీపాలో వేసి, పిడి పట్టి తిప్పి, పది తీస్తారు. నంబరు వచ్చినవాళ్ళు లోపలికి, మిగతావాళ్ళు బయట ఆవరణలో టార్పాలిన్ల కిందికి. వచ్చిన చోటు ఇంకొకరికి ఇవ్వకూడదు, పంచుకోకూడదు. వెనక సందులో ఒక్క మనిషికే పట్టే సొంత కొట్టున్న మా బావకు ఏ చోటూ అక్కర్లేదు కాబట్టి, బిళ్ళలు తీసే పని ఆయనకే అప్పగించారు.

ఆ బిళ్ళల్ని ఆయనే కోసి తయారుచేశాడు. ఒక్కోదాన్నీ తన చిన్న త్రాసులో తూచి, ఆకురాయితో అరగదీసి, ముప్ఫై బిళ్ళల్నీ ఒక్క బరువుకు తెచ్చాడు. లాటరీ రోజున చొక్కా చేతులు పైకి మడిచి, పీపా తిప్పి, బిళ్ళ తీసి, ముందు గుప్పిట్లోనే చూసుకునేవాడు. ఒక్కోసారి తల అడ్డంగా ఊపి, బిళ్ళను మళ్ళీ లోపల వదిలేసి, "ఇంకోసారి తిప్పుదాం" అనేవాడు. రెండు బిళ్ళలు అంటుకుని వచ్చాయేమో అనుకునేవాళ్ళం. ఆ మాట వినగానే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. "చూశావా, మేస్త్రి ఉన్నచోట ఆవగింజంత తేడా రాదు" అని మెచ్చుకునేవాళ్ళు. నేనూ కొట్టాను చప్పట్లు, అదే నాకు ఒళ్ళు మంట.

బజారులో ఒక నమ్మకం పుట్టింది. వరసలో అయినవాళ్ళ పక్కన నిలబడకూడదని. పక్కపక్క నంబర్లు తీసుకుంటే ఒకరికి వస్తే రెండోవాళ్ళకు రాదని. "జంటగా నిలబడితే జంట విడిపోతుంది" అని చిన్నపిల్లలు కూడా అనేవాళ్ళు. అన్నదమ్ములు ఒకరు వరస మొదట్లో, ఒకరు చివర్లో నిలబడేవాళ్ళు. ముందు రోజు దాకా ఒకే గ్లాసులో టీ పంచుకున్న స్నేహితులు ఆ పూట ఒకరినొకరు ఎరగనట్టు మొహం తిప్పుకునేవాళ్ళు.

విడిగా నిలబడలేనివాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకాయన గొడుగులు బాగుచేస్తాడు, ఆయన భార్య కుర్చీ సీట్లు అల్లుతుంది. ఆయనకు చూపు ఆనదు. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించాలి. అందుకని ప్రతిసారీ పక్కపక్కనే నిలబడతారు, ప్రతిసారీ ఒక్కరికే వస్తుంది, లేదా ఇద్దరికీ రాదు. ఒక్కరికే వస్తే, ఆ ఒక్కరూ లోపల కూర్చోకుండా బయటికి వచ్చి రెండోవాళ్ళ పక్కనే కూర్చునేవాళ్ళు. లోపల చోటు ఖాళీగా ఉండేది, వాళ్ళిద్దరూ వానలో ఉండేవాళ్ళు. ఇద్దరూ ఒక చోట్లో సర్దుకోవడానికి బజారు నియమం ఒప్పుకోదు. ఆ నియమం దగ్గర అందరికంటే కచ్చితంగా ఉండేది మళ్ళీ మా బావే.

ఇక మా సంగతి. అక్క పాత బట్టలు సరిచేసి కుడుతుంది, నేను గుండీలు, దారాలు అమ్ముతాను. గుండీలు తడిస్తే తుడుచుకుంటాను. కుట్టుమిషను తడిస్తే ఏం చేస్తాం? వానాకాలమంతా అక్క మిషను మీద తన ఒంటిమీది శాలువా కప్పి, తను తడిసేది.

ఈసారి లాటరీకి వారం ముందు, బజారు సెలవు రోజున, అక్కా నేనూ వాళ్ళింట్లో కూర్చుని తగువులాడుకున్నాం. అక్క విడిగా నిలబడదామంటుంది. నాకు ఆ నమ్మకం మొదటినుంచీ చిరాకు.

"పీపాకి చుట్టరికాలు తెలుసా అక్కా? ఇత్తడి బిళ్ళకి నువ్వు నా అక్కవని ఎవరు చెప్పారు?"

"నాకేం తెలుసు? అందరూ అంటున్నారు, అలాగే జరుగుతోంది."

"ఉండు, ఇప్పుడే తేల్చేస్తాను."

ఒకే అచ్చులో పోసిన తెల్ల గుండీలు ముప్ఫై తీసి, వాటి వెనక సిరాతో నంబర్లు వేశాను. డబ్బాలో పోసి, గలగలా ఆడించి, కళ్ళు మూసుకుని పది తీశాను. ఎప్పుడో ఒకసారి ఒక జంట రాకపోతుందా, దాన్ని చూపించి అక్క నోరు మూయిద్దామని నా ఆలోచన. మొదటిసారే ఐదూ ఆరూ వచ్చాయి. "చూశావా!" అన్నాను. "ఏదో గుడ్డిదెబ్బ" అంది అక్క. రెండోసారి రెండు జంటలు వచ్చాయి. మూడోసారి పదమూడు, పధ్నాలుగు, పదిహేను, మూడూ వరసగా. అక్క కత్తెర పక్కన పెట్టి నేల మీదికి దిగింది.

ఇక చూడండి మా ఇద్దరి సంబరం! నేను తియ్యడం, అక్క వరసలో పేర్చడం. మళ్ళీ తను తియ్యడం, నేను పేర్చడం. ముప్ఫైలో పది తీస్తే పక్కపక్క నంబర్లు రాకుండా ఉండటమే లేదు! ముప్ఫైసార్లకు పైగా తీశాం. ఒక్కసారి కూడా తప్పలేదు. దాదాపు సగంసార్లు మూడు వరసగా వచ్చాయి. ఒకసారి ఏకంగా ఐదు వచ్చేసరికి నేను కేక పెట్టాను, పైవాటా ముసలమ్మ కర్రతో నేల మీద కొట్టింది. మా ఇద్దరివని రెండు పక్కపక్క నంబర్లు అనుకుని చూశాం. ఆ రెండే కలిసి రావాలంటే పదిసార్లలో ఒకసారి వస్తున్నాయి, అంతే. కానీ ముప్ఫైమందిలో ఎవరిదో ఒక జంట మాత్రం ప్రతిసారీ వచ్చి తీరుతోంది. ఎవరిదన్నది తెలియదు కానీ, రావడం ఖాయం.

అక్క ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"మరి బజారులో ఇన్నేళ్ళుగా ఒక్క జంటైనా ఎందుకు రాలేదే?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు ఆ "ఇంకోసారి తిప్పుదాం" చెవిలో మోగింది. సరిగ్గా అప్పుడే బావ గొడుగు మూస్తూ గుమ్మంలోకి వచ్చాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. "బావా, తీసిన బిళ్ళ మళ్ళీ లోపలెందుకు వేస్తావు?" అని అడిగేశాను.

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడేమోనని చూశాను. ఎక్కడా? చెప్పులు గోడవారగా సరిగ్గా జతపెట్టి, తీరిగ్గా చెప్పాడు.

"అప్పటికే వచ్చినదాని పక్క నంబరు వస్తే వేస్తాను. పదిహేను వచ్చాక పదహారు వచ్చిందంటే బిళ్ళలు సరిగ్గా కలవలేదనేగా? ముల్లు ఒకచోట ఇరుక్కుంటే తట్టి వదలమూ? ఇదీ అంతే. ఇందులో దాపరికం ఏముంది? ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

నేను డబ్బా ఆయన చేతికిచ్చాను. "నువ్వే కలుపు. నీకు నచ్చినంతసేపు కలుపు."

కలిపాడు మహానుభావుడు. మజ్జిగ చిలికినంతసేపు కలిపాడు. పది తీస్తే రెండు జంటలు. మళ్ళీ కలిపితే మూడు వరసగా. గుండీల బరువులో తేడా ఉందన్నాడు. చిన్న త్రాసు తెచ్చి ముప్ఫై గుండీలూ తూచాడు. కాస్త బరువున్నవి రెండు తీసేయిస్తే వేరేవి ఇచ్చాను. మళ్ళీ తీశాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఎటూ ఒరగని మనిషి ఒరగడం నేను చూడటం అదే మొదలు.

"చెదురుమదురుగా రావాలి కదా మరదలా? కలిపితే చెదరాలి కదా?"

"చెదరడమంటే దూరదూరంగా రావడం కాదు బావా. ఎలాగైనా రావడం. నువ్వు దూరదూరంగా ఉన్నవాటినే ఏరుతున్నావు."

బావ తన పాత సామెత తీశాడు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. పక్కపక్కన వస్తే జనం ఏమనుకుంటారు?"

"కల్లనుకుంటారని పాలు పారబోస్తావా? అదీ ఊరందరి పాలు!"

అక్క నెమ్మదిగా అంది. "నా సంగతి వదిలేయండి. నేను మీ భార్యను, తడిస్తే తడిశాను. ఆ గొడుగులాయన, ఆయన భార్య ఇన్నేళ్ళూ తడిసింది దేవుడి వల్ల అనుకున్నాం. మన వల్లా?"

బావ అరచేతులు చూసుకున్నాడు. "ఈసారి పక్కపక్కన చదివి, అందులో నీ నంబరు గనక ఉంటే, నన్ను ఈ బజారులో బతకనిస్తారా? తూకం సరిచేసేవాడిని. దొంగ అన్నాక నా చేతికి త్రాసు ఎవరిస్తారు? మీరిద్దరూ ఈసారికి విడిగా నిలబడండి."

"నిలబడం" అన్నాం అక్కా నేనూ ఒక్కసారే.

లాటరీ రోజున గొడుగులాయన భార్యకు ఏడు, ఆయనకు ఎనిమిది. అక్కకు పంతొమ్మిది, నాకు ఇరవై. మేం పక్కపక్కన నిలబడితే అందరూ పిచ్చివాళ్ళను చూసినట్టు చూశారు. బావ పీపా దగ్గర చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. ఏం చేస్తావని మేం అడగలేదు, ఏం చేస్తానో ఆయన చెప్పలేదు. నేను మాత్రం గుండీల డబ్బా చంకన పెట్టుకునే వచ్చాను.

పదిహేడు. నాలుగు. ఇరవై ఏడు. ఒక్కోటి చదివి, పక్కనున్న బల్ల మీద పెట్టి, నంబరు సుద్దతో గోడ మీద రాస్తున్నాడు. నాలుగో బిళ్ళ గుప్పిట్లో చూసుకున్నాడు. తల అడ్డంగా ఊగబోయింది, నేను చూశాను! ఊగబోయి ఆగింది.

"పద్దెనిమిది."

జనంలో చిన్న కదలిక. తర్వాత ఎనిమిది వచ్చింది. గొడుగులాయన భార్య ఆయన చెవిలో చెప్పింది, ఆయన తలూపి ఊరుకున్నాడు. ఒకరికి వచ్చిందంటే రెండోవాళ్ళకు రాదని వాళ్ళకు తెలుసు కదా. ఆరోది పదహారు. ఈసారి ఈలలు వినిపించాయి. "ఏంటి మేస్త్రీ, రైలుపెట్టెలు తగిలిస్తున్నావా?" అని ఎవరో అరిచారు. నవ్వారు గానీ, ఆ నవ్వు బాగాలేదు.

ఏడో బిళ్ళ తీశాడు. చూశాడు. గుప్పిట మూశాడు.

ఆ గుప్పిట చూస్తే నాకు తెలిసిపోయింది. అక్కకూ తెలిసిపోయింది, నా ముంజేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. పీపా మూత తెరిచే ఉంది. వేళ్ళు వదులుచేస్తే చాలు. "ఇంకోసారి తిప్పుదాం" అంటే చాలు, బజారంతా చప్పట్లు కొడుతుంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే డబ్బాలో గుండీలు గలగలలాడుతున్నాయా అనిపించింది. చదువు బావా, చదువు, చదువు!

"పంతొమ్మిది" అన్నాడు బావ. "నా భార్యది" అని కూడా అన్నాడు.

ఇక ఒక్కసారిగా రేగారు. అందరికంటే ముందు తాళాలు బాగుచేసే తాత బల్ల దగ్గరికి దూసుకొచ్చాడు. ఆయన గొంతు మామూలుగానే నాలుగు వీధులకు వినిపిస్తుంది.

"పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది! నాలుగు వరసగా, నాలుగోది పెళ్ళాందీనా? మా చెవుల్లో పువ్వులు కనిపిస్తున్నాయా?"

బావ చెయ్యి ఎత్తాడు. "తాతా, ఈరోజు నేను మోసం చెయ్యలేదు. ఇన్నాళ్ళూ చేశాను. పక్క నంబరు వచ్చిన ప్రతిసారీ నేనే లోపల వేశాను. నిజాయితీ అనుకునే వేశాను. జంటలు విడిపోయింది పీపా వల్ల కాదు, నా చేతి వల్ల."

ఎంతమంది అన్నదమ్ములు, ఎంతమంది స్నేహితులు ఆ క్షణంలో పాత వానలు లెక్కపెట్టుకున్నారో! తర్వాత వచ్చిన గోల ముందుదానికి రెండింతలు. అక్క కళ్ళనీళ్ళతో ముందుకెళ్ళింది. "నా నంబరు లోపల వేసేయండి, నాకొద్దు" అంది.

"వద్దు" అన్నాడు బావ. మెత్తటి మనిషి, ఆ మాట మాత్రం ఇనుములా అన్నాడు. "వచ్చింది వచ్చినట్టే ఉండాలి. లోపల వెయ్యడమే నా తప్పు. అది మళ్ళీ చేయించకు."

నేను ఇక ఆగలేదు. బల్ల ఎక్కేసి డబ్బా తాత ముందు పెట్టాను. "తాతా, అరిచింది చాలు. ఇవి ముప్ఫై. నువ్వే కలిపి పది తియ్యి. నీ చెయ్యి, నీ కళ్ళు."

"తీస్తే?"

"పక్కపక్కన ఒక్క జంట కూడా రాకపోతే ఈ డబ్బా, ఇందులో గుండీలు, నా కొట్టు, అన్నీ నీవే!"

తాత తీశాడు. ఇరవై రెండు, తొమ్మిది, ఇరవై మూడు. తాత కనుబొమలు పైకి లేచాయి. మూడు, పది, ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగు దగ్గర బజారు గొల్లుమంది.

"మీ ఆవిడ నంబరెంత తాతా?" అని చెప్పులు కుట్టే ఆమె అరిచింది.

"ఉండండర్రా, సరిగ్గా కలవలేదు, ఇంకోసారి తిప్పుదాం" అన్నాడు తాత అలవాటుగా. అన్నాక తన మాట తనకే వినిపించి తెల్లబోయాడు. జనం పడీపడీ నవ్వారు. ఇక నా డబ్బా నా చేతికి రాలేదు. నేనంటే నేనని తీశారు. "వచ్చింది, మళ్ళీ వచ్చింది! నాకు మూడు!" "నాకు నాలుగు!" పదిమందికి పైగా తీశారు, ఒక్కరికి కూడా జంట తప్పలేదు. నా గుండీలు సగం నేల పాలయ్యాయి, అయినా ఏనుగెక్కినంత సంబరంగా ఉంది నాకు.

చివరికి తాతే చెప్పాడు. "వచ్చినవి ఉండనీ. మిగిలిన మూడూ ఈయనే తీస్తాడు. కానీ బిళ్ళ చూడకూడదు. కళ్ళు మూసుకుని పైకెత్తి మాకు చూపించాలి. మేం చదువుతాం."

బావ ఒప్పుకున్నాడు. పీపా తిప్పాడు, కళ్ళు గట్టిగా మూసుకుని బిళ్ళ పైకెత్తాడు. "పన్నెండు!" అని బజారంతా కలిసి చదివింది. తర్వాత "ఇరవై ఐదు!" ఇక మిగిలింది ఒక్కటే. నా ఇరవై ఇంకా పీపాలోనే ఉంది. రావే, రావే అని పళ్ళు బిగబట్టాను.

పదో బిళ్ళ పైకి లేచింది. ఎవరూ చదవలేదు. బావ మూసిన కళ్ళతో, చెయ్యెత్తుకుని, ఆ నిశ్శబ్దంలో నిలబడ్డాడు. అప్పుడు తాత చూపు ఆనని ఆ గొడుగులాయన వైపు తిరిగి, తన నాలుగు వీధుల గొంతుతో అరిచాడు.

"ఏడు!"

కప్పు లేచిపోయేంత కేక వేశారు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అరిచాక గుర్తొచ్చింది, పది అయిపోయాయి, నాకు చోటు రాలేదని. అయినా నా నోరు ఆగలేదు. గొడుగులాయన భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన ఆమె వదిలేసిన చేత్తో ఆమె భుజం వెతుక్కుంటున్నాడు.

బావ ఇంకా కళ్ళు తెరవలేదు. చెయ్యి దించలేదు.

"ఏమయింది? ఎందుకరుస్తున్నారు?" అన్నాడు కంగారుగా. "ఏడా? పక్కదా?"

అక్క వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"పక్కదేనండీ."

ఆయన ఆ బిళ్ళను ఇంకాసేపు గట్టిగా పట్టుకుని, చూడకుండానే తీసుకెళ్ళి బల్ల మీద ఎనిమిది పక్కన పెట్టాడు.